చేత్తో పేర్లు చెక్కిన పాత నాణేలు (లవ్ టోకెన్లు) సేకరించాలనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి? మంచి పెట్టుబడేనా?

పెట్టుబడి సంగతి ముందు తేల్చేద్దాం. కాదు. డబ్బు పెరగాలంటే బంగారం కొనుక్కోండి. మనవాళ్ళకి పాత నాణెం అనగానే వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళ, దానికి లక్షలు ఇస్తారనే పుకారు గుర్తొస్తాయి. మా పిన్ని కొడుకు నెలకోసారి అలాంటి వీడియో ఒకటి వాట్సాప్‌లో పంపిస్తాడు. ఆ బిళ్ళకి లక్ష ఇచ్చినవాణ్ణి నేను చూడలేదు, చూశానన్నవాణ్ణి కూడా చూడలేదు. "ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనేవాళ్ళు మాత్రం బోలెడుమంది.

నేను న్యూజెర్సీలో ఉంటాను. తొమ్మిదేళ్ళ నుంచి ఈ పిచ్చి. నా దగ్గర నలభై మూడు ఉన్నాయి, ఎక్కువ భాగం అమెరికన్ డైములే. డైమ్ అంటే పది సెంట్ల బిళ్ళ, ఆ రోజుల్లో వెండిది, మన పావలా కంటే కాస్త చిన్నది. 1860ల నుంచి 1880ల దాకా ఇక్కడ వీటి మోజు బాగా నడిచింది. కుర్రాడు ఒక డైమ్ పట్టుకుని నగల కొట్టుకి వెళ్తే, ఒకవైపు అచ్చంతా అరగదీసి నున్నగా చేసి, దాని మీద పొడి అక్షరాలో, పేరో, పువ్వో చెక్కి ఇచ్చేవాళ్ళు. అమ్మాయిలు వాటిని గొలుసుకట్టి చేతికి వేసుకునేవాళ్ళు. ఇంగ్లాండులో ఇది ఇంకా పాత అలవాటు. అక్కడ చెక్కడం దాకా కూడా వెళ్ళకుండా ఆరు పెన్నీల వెండి నాణేన్ని వంచి, అదే ప్రేమ గుర్తు అని ఇచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. కాసుల పేర్లు వేసుకునే మనకి నాణెం నగ కావడం వింత కాదు కానీ, దాన్ని అరగదీసి పేరు చెక్కడం మాత్రం నాకు కొత్తే.

మీరు చేయాల్సిన మొదటి పని ఏమిటంటే, నాణేల షోలో మెరిసే గాజు పెట్టెల వైపు చూడకండి. "పాడైన నాణేల డబ్బా ఉందా?" అని అడగండి. మామూలు నాణేల వ్యాపారి లెక్కలో ఇవి పాడైన సరుకు. ఒకపక్క అచ్చు లేదు, పైగా చాలావాటికి చిల్లు. ఉంగరాలు, తుక్కు వెండి మధ్యలో పడేసి ఉంటాయి. పొడి అక్షరాలున్నవి చవగ్గా వస్తాయి. పూర్తి పేరున్నవి కాస్త ఎక్కువ. ఇల్లు, ఓడ, పిట్ట లాంటి బొమ్మ చెక్కినదైతే మాత్రం బేరం మర్చిపోండి.

నా మొదటిది పెన్సిల్వేనియాలో ఆడమ్స్‌టౌన్ దగ్గర ఆదివారం సంతలో దొరికింది. పద్దెనిమిది డాలర్లు. 1877 నాటి డైమ్, నల్లగా టోనింగ్ (ఏళ్ళు గడిచేకొద్దీ వెండి మీద దానంతటదే పట్టే రంగు పొర) పట్టి ఉంది. వెనకవైపు ఒకదాని మీదకి ఒకటి పాకిన మూడు అక్షరాలు. భూతద్దం పెట్టి, దీపం అటు తిప్పి ఇటు తిప్పి, టి.ఎ.ఎం. అని తేల్చాను. ఏడాదిపాటు ఆ మనిషిని థామస్ అనే పిలుచుకున్నాను. మా ఆవిడకి విసుగు పుట్టేదాకా థామస్ గురించి చెప్పాను. థామస్ రైల్వేలో పనిచేసి ఉంటాడని కూడా నిర్ణయించేశాను. ఎందుకని అడక్కండి.

తర్వాతి వేసవికి అమ్మ తెనాలి నుంచి వచ్చింది. శ్రావణ శుక్రవారం. వరలక్ష్మీ వ్రతానికి వెండి సామాను తోముతూ, నా బల్ల మీద ఉన్న నల్లటి బిళ్ళల్ని చూసి, "వీడికి వెండి విలువే తెలియదు" అనుకుని ఉంటుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పన్నెండు నాణేలు పళ్ళెంలో తళతళలాడుతున్నాయి. విభూతితో తోమింది.

నాణేలు సేకరించేవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెబుతున్నాను. నూట నలభై ఏళ్ళు పట్టిన టోనింగ్ ఒకసారి పోతే మళ్ళీ రాదు. నాకు నోట మాట రాలేదు. అమ్మని ఏమనగలను? "బాగా మురికి పట్టాయి నాన్నా, చేతులు నొప్పెట్టాయి" అంది, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

ఏడవలేక ఆ డైమ్ చేతిలోకి తీసుకున్నాను. గీతల్లో విభూతి ఇరుక్కుని తెల్లగా కనిపిస్తోంది. మొదటి అక్షరం మధ్యలో వెంట్రుకంత అడ్డగీత ఒకటి, అంతకుముందు నాకెప్పుడూ కనపడనిది. టి కాదు, ఎఫ్! ఆ కాలం వంకర రాతలో ఈ రెండిటికీ తేడా ఆ చిన్న అడ్డగీతే. థామస్ పోయాడు. ఎఫ్‌తో మొదలయ్యేది మగ పేరో ఆడ పేరో కూడా తెలియదు.

అమ్మకి ఇదంతా వివరించాను. శ్రద్ధగా విని ఒకే ప్రశ్న అడిగింది. "ఇంతకీ ఇచ్చినవాడి పేరా, పుచ్చుకున్నదాని పేరా?"

తెలియదన్నాను.

"అదేమిట్రా! మన గిన్నెల మీద చూడు. ఎవరిచ్చారో, ఏ తారీఖో అన్నీ ఉంటాయి. ఇంత డబ్బు పోసి చెక్కించుకుని సగమే రాయించడమేమిటి?"

నిజమే కదా. మా ఇంట్లో చదివింపుల్లో వచ్చిన స్టీలు బిందె మీద ఇచ్చినవాళ్ళ ఇంటిపేరుతో సహా ఉంటుంది. గిన్నెల కొట్టు అరుగు మీద ఒకాయన కూర్చుని, చిన్న ఉలితో టిక్ టిక్‌మని చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టేవాడు. ఇప్పుడు మిషన్ పెట్టి గీకుతున్నారు. అక్షరం వంకర, పైగా తప్పులు. మా చెల్లెలి పెళ్ళి గిన్నెల మీద మా ఇంటిపేరే తప్పుగా పడింది. అడిగితే "ఎవరు చూస్తారండీ" అన్నాడు కొట్టతను. ఎవరు చూస్తారేమిటి, నూట యాభై ఏళ్ళ తర్వాత నాలాంటివాడు భూతద్దం పెట్టి చూస్తాడు!

చుక్కలంటే గుర్తొచ్చింది. కాన్‌బెరాలో ఆస్ట్రేలియా జాతీయ మ్యూజియం దగ్గర ఇలాంటివే మూడొందలకు పైగా ఉన్నాయి, ఖైదీలవి. ఆస్ట్రేలియాకి ద్వీపాంతరం పడ్డ ఇంగ్లీషు ఖైదీలు ఓడ ఎక్కే ముందు రాగి నాణేలు అరగదీసి, పేర్లు, శిక్ష ఎన్నేళ్ళో, మాటలు చెక్కి ఇంటివాళ్ళకి వదిలి వెళ్ళేవాళ్ళు. కొన్ని ఉలితో గీసినవి, కొన్ని మన గిన్నెల మీదలాగే సూదిమొనతో చుక్కలు పొడిచినవి. దీనికి వాళ్ళకి బాగా నచ్చిన బిళ్ళ 1797 నాటి బండిచక్రం పెన్నీ. ఔన్సు బరువు, మందమైన అంచు, చెక్కడానికి బోలెడంత చోటు. వాటి మీద తరచుగా కనిపించే మాట, "ఇది చూసినప్పుడు నన్ను తలుచుకో." అవి కొనాలని కలలు కనకండి, మన జేబుకి అందవు. మ్యూజియం వెబ్‌సైట్‌లో ఫోటోలు ఉచితంగా చూడొచ్చు.

నకిలీల గురించి రెండు ముక్కలు. ఆన్‌లైన్ వేలంలో ఓడ బొమ్మ ఉన్న డైమ్ ఒకటి ఎనభై అయిదు డాలర్లకి కొని మోసపోయాను. వచ్చాక భూతద్దంలో చూస్తే ప్రతి గీతా ఒకే లోతు, ఒకే మందం. లేజర్ పని. చేత్తో ఉలి నడిపితే గీత సన్నగా మొదలై వంపులో లావై మళ్ళీ సన్నబడుతుంది. ఇంకోటి, బిళ్ళంతా నల్లబడి గీత లోపల మాత్రం మెరుస్తుంటే అది నిన్నో మొన్నో చెక్కింది. నాణెం మీద ఉన్న సంవత్సరాన్ని బట్టి కూడా మోసపోకండి. అది నాణెం ముద్రించిన ఏడాది, చెక్కిన ఏడాది కాదు. చెక్కిన అక్షరాలు బాగా అరిగినది దొరికితే వదలొద్దు. ఎవరో ఏళ్ళ తరబడి ఒంటి మీద వేసుకుంటేనే అంత అరుగుతుంది. కొత్తగా మెరిసేది నాకు ఊరికే ఇచ్చినా వద్దు.

నాకో సిద్ధాంతం కూడా ఉంది. మార్కెట్లోకి వచ్చినవాటిలో సగం పెళ్ళి దాకా వెళ్ళని ప్రేమలవే. కుదిరి ఉంటే ఇంట్లోనే ఉండేవి కదా! మా ఆవిడ ఒప్పుకోదు, మునిమనవలు అమ్మేసి ఉంటారంటుంది. దీని మీద మా ఇంట్లో చాలా కాఫీలు అయ్యాయి.

ఇక ఆ ఎఫ్.ఎ.ఎం. డైమ్ ఇప్పుడు నా దగ్గర లేదు. దాని ముందువైపు స్వేచ్ఛాదేవి బండ మీద కూర్చుని, ఒక చేత్తో డాలు పట్టుకుని ఉంటుంది. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని, "డాలు పట్టుకుని కూర్చున్న అమ్మవారురా, చిల్లు పడితే ఏం?" అని పర్సులో వేసుకుని ఊరికి పట్టుకుపోయింది. తెనాలిలో మా దేవుడి గూట్లో లక్ష్మీ రూపు పక్కన ఉంది. ప్రతి శుక్రవారం పసుపు, కుంకుమ. మొన్న వీడియో కాల్‌లో చూపించింది, మళ్ళీ విభూతితో తోమినట్టుంది.