తూర్పుకు బయల్దేరితే ప్రదక్షిణ అవుతుందా?

సందేహం: జూల్స్ వెర్న్ ‘ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ’ తెలుగు అనువాదం చదువుతున్నాను. కథ హాంకాంగ్ దాకా వచ్చింది. ఎనభై రోజుల్లో భూమిని చుట్టి వస్తానని పందెం కాసిన ఫిలియాస్ ఫాగ్‌కు భక్తీ లేదు, ఊళ్ళు చూద్దామన్న సరదా లేదు. సూయజ్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకొని మళ్ళీ ఓడెక్కేశాడు. దీన్ని ప్రదక్షిణ అనవచ్చా? ‘ప్రదక్షిణం’ అని సున్నా ఉండాలా? పందెం మాటకు ‘రోజుల్లో’, ‘రోజుల్లోగా’, ‘రోజులకు’ - వీటిలో ఏది సరైనది? ఏనుగు మీద ‘అంబారీ’ అన్నది కూడా అనుమానంగానే ఉంది.

సమాధానం: సున్నా సంగతి తేలిక. సంస్కృతంలో ప్రదక్షిణా, ప్రదక్షిణమ్ అని రెండు రూపాలూ ఉన్నాయి. మొదటిది తెలుగులో ప్రదక్షిణ, రెండోది ప్రదక్షిణం. ఏదీ తప్పు కాదు. ఒకే పుస్తకంలో రెండూ కలగాపులగం చేయకపోతే చాలు.

భక్తి కన్నా దిక్కు పెద్ద చిక్కు. ఇక్కడ దక్షిణమంటే కుడి. దేన్ని చుట్టి వస్తున్నామో అది కుడిచేతి వైపు ఉంటేనే ప్రదక్షిణ. సింహాచలం గిరి ప్రదక్షిణలో భక్తులు సుమారు 32 కిలోమీటర్లు కొండను కుడిపక్కనే ఉంచుకొని నడుస్తారు. పురాణాల్లో సూర్యుడు మేరువుకు ప్రదక్షిణ చేస్తాడంటే లెక్క సరిపోతుంది. పడమటికి సాగేవాడికి ఉత్తరాన ఉన్న మేరువు కుడివైపే కదా! ఫాగ్ లండన్ నుంచి తూర్పుకు బయల్దేరాడు. ఉత్తర ధ్రువం అతనికి ఎడమచేతి పక్కన పడింది. నిఘంటువు పట్టుకొని వాదిస్తే అతను చేస్తున్నది అప్రదక్షిణం, సూర్యుడికి ఎదురు ప్రయాణం. (దీన్ని ‘అపసవ్యం’ అంటే మరో తంటా. సంస్కృతంలో సవ్యమంటే ఎడమ, అపసవ్యమంటే కుడి. జంధ్యం ఎడమ భుజం మీద ఉండటం మామూలు గనక సవ్యం మనకు ‘సరైనది’ అయింది.) రేఖాంశం డిగ్రీకి 4 నిమిషాల చొప్పున గడియారం సవరించుకోమని ఫాగ్ సేవకుడు పాస్‌పర్తూకు చెబితే అతను వినకపోవడం మీరు ఈపాటికి చదివే ఉంటారు. ఆ సంగతీ, తూర్పు అన్న మాటా గుర్తుంచుకోండి. సగంలో ఉన్నారు కాబట్టి ఇంతకు మించి చెప్పకూడదు.

అయినా పేరు మార్చనక్కర్లేదు. పింఛను కోసం ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు చేశాడంటే, ఆఫీసు ఏ చేతి పక్కన ఉందని ఎవరూ అడగరు. వాడుకలో ఆ పదం దిక్కునూ భక్తినీ ఎప్పుడో వదిలేసింది. పాత్రల నోట మాత్రం ‘చుట్టి వస్తాను’ అనిపిస్తేనే బాగుంటుంది. క్లబ్బులో పేకాడుతూ భూప్రదక్షిణ గావిస్తానని ఎవరంటారు?

ఇక రోజులు. ‘ఎనభై రోజుల్లో’ అంటే ప్రయాణానికి పట్టే కాలం. ‘రోజుల్లోగా’ అంటే గడువు, ముందే వచ్చినా గెలుపే. ‘రోజులకు’ అంటే అన్ని రోజులూ గడిచాక: ‘పెళ్ళయిన పదేళ్ళకు కొడుకు పుట్టాడు’. మూలంలో ఫాగ్ 20,000 పౌన్ల పందెం కాసింది ‘ఎనభై రోజుల్లో గానీ అంతకన్నా తక్కువలో గానీ’ అని. అందువల్ల పుస్తకం పేరుకు ‘రోజుల్లో’, పందెం వాక్యానికి ‘రోజుల్లోగా’ సరిపోతాయి. ‘లోపు’ వద్దు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలంటే పద్దెనిమిది నిండినవాళ్ళు రారు. ఓడినవాడు దాని మీద పేచీ పెట్టగలడు.

‘ఎనభయ్యో రోజున’ అని రాస్తే మరీ పొరపాటు. మనం పదో రోజు, పదకొండో రోజు అని లెక్కపెట్టేటప్పుడు మొదటి రోజును కూడా కలుపుకుంటాం. ఫాగ్ 1872 అక్టోబరు 2 రాత్రి 8:45కు బయల్దేరాడు. మన లెక్కన ఎనభయ్యో రోజు డిసెంబరు 20. గడువు మాత్రం 21 రాత్రి 8:45. ఒక్క ‘ఓ’ ప్రత్యయానికి ఒక రోజు పోతుంది! అందుకే కాబోలు ఫాగ్ ఆ పందెంలోనే 1,920 గంటలనీ, 1,15,200 నిమిషాలనీ విడమరిచి చెప్పాడు.

అంబారీ విషయంలో మీ అనుమానం నిజమే. అంబారీ ఏనుగు వీపు మీద, పైకప్పుతో ఉంటుంది. రాజుల ఊరేగింపు మాట అది. మూలంలో ఉన్నవి వీపుకు అటొకటి ఇటొకటి వేలాడే ఇరుకు ఆసనాలు. ఎద్దు మీద రెండు పక్కలకూ బరువు వచ్చేలా వేసే గోనెను మనవాళ్ళు పెరిక అన్నారు. ‘పెరిక వేసినట్టు రెండు పక్కలా కట్టిన తట్టలు’ అంటే బొమ్మ కళ్ళకు కడుతుంది. ఒక తట్టలో ఫాగ్, రెండో దాంట్లో తోటి ప్రయాణికుడు సర్ ఫ్రాన్సిస్, మెడ మీద మావటి. పాస్‌పర్తూ నడిమధ్య, వీపు మీది గుడ్డపైన, అటొక కాలూ ఇటొక కాలూ వేసి కూర్చున్నాడు. అక్కడ అంబారీయే ఉంటే అతనికి ఆ చోటు దక్కేది కాదు.