అద్దె పడవకు స్కిప్పర్‌గా సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

ప్రశ్న: మాది మియాపూర్. రెండేళ్లుగా సెలవు రోజుల్లో హుస్సేన్ సాగర్‌లో చిన్న తెరచాప పడవలు నడపడం నేర్చుకుంటున్నాను. వచ్చే జూన్‌లో స్నేహితులం ఆరుగురం గ్రీస్ వెళ్లి, 40 అడుగుల తెరచాప పడవను వారం రోజులు అద్దెకు తీసుకోవాలనుకున్నాం. ఇక్కడి ట్రావెల్ ఏజెంట్‌కు 2 లక్షల అడ్వాన్సు ఇచ్చాం. స్కిప్పర్‌గా, అంటే పడవకు బాధ్యుడైన సరంగుగా, నా పేరు రాశారు. 'అది ఫార్మాలిటీ సార్, అనుభవం ఉందని ఒక కాగితం రాసిస్తే చాలు' అంటున్నాడు ఏజెంట్. డిపాజిట్ 2,500 యూరోలు. ఏదైనా జరిగితే అందరం భరిస్తామని స్నేహితుల దగ్గర రాయించుకుంటే సరిపోతుందా?

జవాబు: ఏజెంట్ ఫార్మాలిటీ అన్న ఆ స్కిప్పర్ పేరు గడే మీ ఒప్పందం మొత్తంలో బరువైనది. సరంగు లేకుండా పడవ తీసుకోవడాన్ని బేర్‌బోట్ అంటారు. డ్రైవర్ లేకుండా కారు అద్దెకు తీసుకోవడం లాంటిదే అనుకోండి. కాకపోతే ఇక్కడ రోడ్డు ఉండదు, బ్రేకు ఉండదు, రాత్రి పడుకున్నా బండి కదులుతూనే ఉంటుంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. వాళ్లు టికెట్ కొన్న ప్రయాణికులు. అంత వరదలో బోటు ఎందుకు వదిలారని అడిగే స్థానం వాళ్లది. మీ పడవలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి మీరే అవుతారు.

ముందు ఆ 'అనుభవం కాగితం' సంగతి. గ్రీస్‌లో బేర్‌బోట్ ఇవ్వాలంటే స్కిప్పర్‌కు గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ ఉండాలి, పడవ నడపడం తెలిసిన రెండో మనిషి కూడా ఎక్కాలి. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 40వ తీర్మానం ప్రకారం ఇచ్చే ఐసీసీ (ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఆఫ్ కాంపిటెన్స్) అలాంటిదే. హుస్సేన్ సాగర్ నేర్పిన విద్యను నేను తక్కువ చేయడం లేదు. గాలి ఎటు తిరుగుతుందో ఒంటికి తెలియడం అక్కడే వస్తుంది. కానీ అక్కడి చిన్న పడవకు ఇంజిన్ లేదు, రాత్రంతా లంగరు మీద నిలబెట్టే పని లేదు, బోల్తా పడితే రెస్క్యూ బోటు వస్తుంది. మీరు లేని అనుభవం ఉందని రాసిచ్చారనుకోండి, ప్రమాదం తర్వాత బీమా కంపెనీ మొదట బయటికి తీసేది ఆ కాగితాన్నే. బీమా ఒప్పందానికి నిజం చెప్పడమే పునాది.

అక్కడే డిపాజిట్ గురించిన అపోహ కూడా ఉంది. 'పోతే 2,500 యూరోలేగా' అనుకుంటారు చాలామంది. మామూలు డ్యామేజీకి అది పరిమితే కావచ్చు. కానీ తాగి నడిపినా, ఒప్పందం వద్దన్నా రాత్రి ప్రయాణం చేసినా, సర్టిఫికెట్ అబద్ధమని తేలినా ఆ పరిమితి ఎగిరిపోయేలా రాసిన ఒప్పందాలే ఎక్కువ. బీమా తప్పుకుంటే పడవ ఖరీదు, పక్క పడవ నష్టం, మనుషుల గాయాలు నేరుగా మీ మీదికొస్తాయి. ఆ పేజీ చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చదవండి.

ఇక సముద్రం మీది చట్టం. పడవలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాలు చిన్న పడవకూ వర్తిస్తాయి. 'మాది తెరచాప, మోటారు వాళ్లే తప్పుకోవాలి' అనేది సగం నిజం. తెరచాప ఎత్తి ఉన్నా ఇంజిన్‌తో నడుస్తుంటే చట్టం దృష్టిలో మీది మోటారు పడవే. వెనక నుంచి దాటేవాడు, తెరచాప అయినా సరే, తానే తప్పుకోవాలి. ఇరుకు కాలువలో పెద్ద ఓడకు అడ్డం రాకూడదు. రెండు తెరచాప పడవలు ఎదురైతే, గాలి ఎడమవైపు నుంచి తగులుతున్న పడవ దారి ఇవ్వాలి. ఇవన్నీ ఒకెత్తు, 5వ నియమం ఒకెత్తు. ఎప్పుడూ ఒకరు కళ్లతో, చెవులతో కాపలా కాయాలి అంటుందది. ఇలాంటి కేసుల్లో వకీలు మొదట అడిగేది 'ఆ నిమిషంలో చూస్తున్నది ఎవరు?' అనే. అందరూ కిందకెళ్లి మ్యాగీ తింటున్నారంటే కేసు అక్కడితో అయిపోయినట్టే.

అందుకే రోజూ లాగ్ రాయండి. స్కూలు నోటుబుక్ చాలు. పొద్దున చూసిన వాతావరణ సూచన, బయల్దేరిన టైము, చుక్కాని దగ్గర ఎవరున్నారు, లంగరు ఎన్ని మీటర్ల లోతులో ఎంత గొలుసు వదిలి వేశారు, ఇవి రాస్తే చాలు. జూలై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రంలో మెల్టెమి అనే ఉత్తర గాలి రోజుల తరబడి కొడుతుంది. కొత్తవాళ్లకు పడమటి వైపున్న అయోనియన్ దీవులే నయం. గాలి వేగం 22 నాట్లు (గంటకు సుమారు 40 కిలోమీటర్లు) దాటితే, గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేలు మీద 6. ఆ సూచన ఉన్న రోజు రేవులోనే ఉండిపోయి, ఎందుకు ఉండిపోయారో కూడా రాసిపెట్టండి. ఒకరోజు అద్దె దండగ అని స్నేహితులు గొణిగితే గొణగనివ్వండి.

పడవ అప్పగించే పూట తొందరపడకండి. నా దగ్గరికొచ్చిన ఒకాయన డిపాజిట్ మొత్తం పోగొట్టుకున్నాడు. చుక్కాని అంచు విరిగింది, అది పాత దెబ్బేనంటాడు. ఫోన్లో సూర్యాస్తమయాలు, వేయించిన చేపలు కలిపి మూడొందల ఫొటోలున్నాయి, ఎక్కిన రోజు తీసిన చుక్కాని ఫొటో ఒక్కటీ లేదు. కాబట్టి ఎక్కగానే వీడియో తీయండి: గీతలు, తెరచాప కుట్లు, లైఫ్ జాకెట్ల లెక్క, ఫ్లేర్ల (ఆపదలో వెలిగించే సంకేత దీపాల) మీది గడువు తేదీ, గ్యాస్ వాల్వు. ఆపదలో పిలిచే 16వ చానల్ మీద రేడియో పనిచేస్తోందో అక్కడే మాట్లాడించి చూడండి. గ్రీస్ కోస్ట్ గార్డ్ నంబరు 108. మనకు అంబులెన్సు నంబరే కాబట్టి మరిచిపోవడం కష్టం.

ఇంజిన్ ఆగి, ఎవరో తాడు విసిరి లాక్కెళతానంటే ముందు అద్దె కంపెనీకి ఫోన్ చేయండి. ఎంత తీసుకుంటావని అడిగి, ఆ మాట రికార్డు చేసి, తర్వాతే తాడు అందుకోండి. ఆపదలో ఉన్న పడవను కాపాడినవాడు పడవ విలువను బట్టి ప్రతిఫలం అడగొచ్చు. మన దేశం కూడా చేరిన 1989 సాల్వేజ్ ఒప్పందం ఆ హక్కు ఇచ్చింది. ప్రాణాలు కాపాడినందుకు మాత్రం కాపాడబడినవాళ్ల నుంచి డబ్బు అడిగే వీల్లేదు. మనుషులకే ప్రమాదమైతే బేరం మాట పక్కనపెట్టి రేడియోలో 'మేడే' అని ఆపద పిలుపు ఇవ్వండి.

స్నేహితుల కాగితం రాయించుకోండి, తప్పులేదు. ఖర్చుల పంపకానికి, రిస్కు ముందే చెప్పారనడానికి అది పనికొస్తుంది. అవతలి పడవవాడిని మాత్రం అది ఆపలేదు, మీ నిర్లక్ష్యాన్నీ కప్పదు.

చివరిగా ఏజెంట్. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మనవైపు నిజమయ్యేది ఎక్కువగా రివర్సులో. డబ్బు ముట్టేదాకానే మనం ఓడ మల్లయ్యలం. రేపు పేచీ వస్తే 'నేను మధ్యవర్తినే, గ్రీస్ వాళ్లను అడగండి' అంటాడు. కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ప్రకారం, అసలు యజమాని పేరు చెప్పకుండా ఒప్పందం చేసిన ఏజెంట్ తానే కట్టుబడినట్టు భావించాలి. సేవాలోపం ఉంటే 2019 వినియోగదారుల చట్టం కింద మీరు నివసించే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల్లోపైతే ఫీజు లేదు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (తగాదాను కోర్టు బయట ఆర్బిట్రేటర్ దగ్గరే తేల్చుకోవాలనేది) ఉన్నంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు. గ్రీస్ కంపెనీ మీద ఇక్కడ ఆర్డరు తెచ్చుకున్నా వసూలు చేయడం కష్టం కాబట్టి, ఇక్కడ చేతికి అందేవాడు ఎవరో ముందే తేల్చుకోవాలి.

నన్నడిగితే ఈసారికి అక్కడి సరంగును జీతానికి పెట్టుకోండి. ఏడో మనిషికి పడక ఉందో లేదో చూసుకోవాలి, అంతే. మీరు పక్కన నిలబడి నేర్చుకోండి. ఏజెంట్‌కు ఈరోజే మెయిల్ పెట్టి మూడు అడగండి: పడవ యజమాని పూర్తి పేరు, బీమా పాలసీ కాపీ, సరంగుతో కలిపి కొత్త ఒప్పందం. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా మిగతా డబ్బు కట్టకండి.