మోకాలి నొప్పికి ముందు పాదం మీద దిగాలా? ముందు అడుగు పొడవు చూసుకోండి

పది కిలోమీటర్లు దాటితే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తోందని, మడమ మీద కాకుండా ముందు పాదం మీద, అంటే వేళ్ల వైపు భాగం మీద దిగమని తోటి రన్నర్లు చెబుతున్నారని మీరు రాశారు. ఇప్పుడే ఆ జోలికి వెళ్లకండి. అడుగు చిన్నది చేసుకోండి. నాకు తగ్గింది దాంతోనే.

నాదీ ఇదే నొప్పి. మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. మా ఫిజియో నన్ను ట్రెడ్‌మిల్ ఎక్కించి, పక్కనుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశారు. పాదం నేలను తాకే క్షణానికి మోకాలు దాదాపు నిటారుగా ఉంది, మడమేమో దానికంటే జానెడు ముందు పడుతోంది. అడుగడుక్కీ బ్రేక్ వేస్తూ పరిగెడుతున్నట్టే, ఆ దెబ్బంతా మోకాలికే. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు 2011లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందీ ఇదే: వేగం మార్చకుండా నిమిషానికి వేసే అడుగులు 5 నుంచి 10 శాతం పెంచితే, అంటే అడుగు చిన్నది చేస్తే, మోకాలి మీద భారం తగ్గుతుంది.

కుడి పాదం ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పడుతోందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, అదే మీ కాడెన్స్, అంటే నిమిషానికి రెండు పాదాలతో వేసే అడుగులు. నాది 162 ఉండేది, 172కి తెచ్చుకున్నాను. అందరూ చెప్పే 180 కోసం పాకులాడొద్దు. అది 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మేటి రన్నర్ల అడుగులు లెక్కపెట్టగా ప్రచారంలోకి వచ్చిన అంకె, వాళ్ల వేగం వేరు.

టిక్ టిక్ మంటూ లయ వినిపించే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని, తేలిక పరుగులో మొదట ఒకటి రెండు నిమిషాలే కొత్త లయలో పరిగెత్తండి, మళ్లీ మామూలుగా. చిక్కంతా ఎక్కడంటే, అడుగులు పెరగగానే తెలియకుండానే వేగమూ పెరిగిపోతుంది. నెక్లెస్ రోడ్డు మీద నాకు ప్రతిసారీ అదే జరిగేది. ట్రెడ్‌మిల్ మీద వేగం కట్టేసి ఉంటుంది కాబట్టి అక్కడే సాధన చేశాను. కొత్త లయ అలవాటయ్యేదాకా దూరం పెంచలేదు.

తీరు మార్చినంత మాత్రాన భారం మాయం కాదు, చోటు మారుతుంది. హాంకాంగ్‌లో 320 మంది కొత్త రన్నర్ల మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, మెత్తగా దిగడం నేర్చుకున్నవాళ్లలో ఏడాదిలో గాయాలు 62 శాతం తక్కువ. అయితే వాళ్లకు వచ్చిన గాయాల్లో పిక్కలవీ, మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్‌వీ ఎక్కువ. ముందు పాదం వద్దన్నది అందుకే, పిక్కల మీద ఒక్కసారిగా బరువు పడుతుంది. వారానికి రెండుసార్లు మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి.

మోకాలు వాచినా, పట్టేసినా, ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి పుట్టినా మాత్రం పరుగు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి.