మాయ ఎప్పుడు విడిపోవాలి?

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఈ ఆదివారం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో నువ్వు మొదటిసారి డంజియన్ మాస్టర్‌గా, అంటే కథ నడిపి తీర్పులు చెప్పే మనిషిగా కూర్చుంటున్నావని, మన డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌ను దొంగల స్థావరంగా మార్చావని విని ఎంతో సంతోషించాను. నీ స్నేహితురాలు మాయలు పన్నే మాంత్రికురాలి పాత్ర ఎంచుకుందని మాత్రం కంగారు పడుతున్నావు. నిప్పుముద్ద విసిరితే ఎన్ని పాచికలు వేయాలో పుస్తకంలో ఉంది, లేని గోడను చూపిస్తే దొంగ ఏం చేస్తాడో ఎవరు చెబుతారని అడిగావు. నువ్వే చెప్పాలి తల్లీ. అందుకే ఇంత రాస్తున్నాను.

ముందుగా ఆ మాయ ఎక్కడ ఉందో తేల్చుకో. బయట ఉందా, ఒకడి మనసులో ఉందా? నీ దగ్గరున్న నియమాల పుస్తకం 2014 నాటి అయిదో ఎడిషన్ కాబట్టి ఆ లెక్కలే చెబుతాను. సైలెంట్ ఇమేజ్ అనే మంత్రం చేసేది బయట నిలిచే బొమ్మ. పొడవు, వెడల్పు, ఎత్తు 15 అడుగులు దాటకూడదు. చూసే అందరికీ కనిపిస్తుంది, చప్పుడూ వాసనా ఉండవు. ఫాంటాజ్మల్ ఫోర్స్ అనే మంత్రం అలా కాదు. ఇంటెలిజెన్స్ సేవింగ్ త్రో, అంటే తెలివితో మంత్రాన్ని తప్పించుకోవడానికి వేసే పాచిక, తప్పినవాడి మనసులో మాత్రమే అది ఉంటుంది, పక్కవాడికి ఏమీ కనిపించదు. లేని వంతెన మీద అడుగేసి కింద పడ్డా, బతికితే వంతెన ఉందనే నమ్ముతాడు. కాలు జారిందనో గాలి తోసిందనో తనకు తానే సర్దిచెప్పుకుంటాడు.

అసలు కష్టమంతా అనుమానం దగ్గర వస్తుంది. చాలా ఏళ్ల క్రితం సీతమ్మధారలో మా డాబా మీద ఆడుతున్నప్పుడు, తరుముకొస్తున్న గాబ్లిన్లకు (పొట్టి రాక్షసులకు) అడ్డంగా ఒక కుర్రవాడు రాతిగోడ బొమ్మను నిలబెట్టాడు. నేను ఒక్కొక్క గాబ్లిన్‌కూ పాచిక వేశాను. రెండింటికి పెద్ద అంకె పడింది, అవి గోడలోంచి నడిచి వచ్చేశాయి. ఆ పిల్లవాడి ముఖం వాడిపోయింది. తర్వాత అతను మాయమంత్రాల జోలికే పోలేదు. తప్పు నాది. గోడను చూసిన వెంటనే అది గోడేనా అని ఎవరు ఆలోచిస్తారు? నియమం కూడా అదే చెబుతుంది: అనుమానం వచ్చినవాడు తన వంతులో ఒక యాక్షన్, అంటే ఆ వంతులో చేయగల ముఖ్యమైన పనిని, ఖర్చుపెట్టి పరిశీలించాలి. అప్పుడే ఇన్వెస్టిగేషన్ (పరిశీలన) పాచిక. కనీసం రావాల్సిన అంకెకు మొదలు 8, దానికి మాంత్రికురాలి ప్రొఫిషియెన్సీ (నైపుణ్యపు అంకె), ఇంటెలిజెన్స్ మాడిఫయర్ (తెలివిని బట్టి వచ్చే అదనపు అంకె) కలపాలి. మొదటి లెవల్లో ఇంటెలిజెన్స్ 16 ఉంటే 13 అవుతుంది. ఇక ఇలా బయట నిలిచే బొమ్మకు చెయ్యి తగిలినా, బాణం దూసుకుపోయినా పాచికతో పనిలేదు. మాయ బయటపడినట్టే.

అనుమానించడానికి కారణం లోకంలోంచి రావాలి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం నిలబడితే నీకే తెలుస్తుంది. సముద్రపు గాలికి అందరి బట్టలూ రెపరెపలాడుతుంటే ఒకడి కండువా కదలకపోతే? తడి ఇసుకలో నడిచినవాడి అడుగుజాడ పడకపోతే? నీ స్నేహితురాలు ఇలాంటివి ముందే ఆలోచించి బొమ్మను బండల మీద నిలబెడితే, ఆ తెలివికి విలువ ఇవ్వు, దొంగకు అనుమానం రానివ్వకు. కాపలా కుక్క సంగతి వేరు. అది ముక్కుతో లోకాన్ని చూస్తుంది. వాసన లేని తోడేలును చూసి అది తల తిప్పి వాసన పట్టడానికి వెళ్తుందని నేనైతే చెబుతాను. వాసన కూడా కావాలంటే మూడో లెవల్ మంత్రం మేజర్ ఇమేజ్ ఉంది, అది నేర్చుకునేదాకా ఓపిక పట్టమను.

ఒకడు గుట్టు తెలుసుకుని "అది మాయరా!" అని అరిస్తే? 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో అలా విన్నవాళ్లకు, తేల్చుకునే పాచికలో 4 అదనంగా కలిపేవారు. అయిదో ఎడిషన్‌లో ఆ మాట లేదు. నేను మాత్రం విన్నవాడికి అడ్వాంటేజ్ ఇస్తాను, రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకోమంటాను. అయినా వాడు తన యాక్షన్ ఖర్చుపెట్టాల్సిందే.

మోసపోయినవాళ్లు ఆ తర్వాత ఎలా ప్రవర్తిస్తారన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. మయసభలో దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకుని బట్టలు పైకెత్తుకున్నాడు. తర్వాత నిజమైన నీటిని నేలనుకుని అందులో పడ్డాడు. మొదటి తప్పే రెండో తప్పును కన్నది. నీ దొంగలనూ అలాగే ఆడించు. ఒకసారి బొమ్మగోడను నమ్మి మోసపోయినవాడు, తర్వాత నిజమైన గోడలోంచి దూసుకుపోవాలని చూస్తాడు. నీ స్నేహితురాలు ఒక్క మంత్రం కూడా ఖర్చుపెట్టకుండా గెలిచిన క్షణం అది. దాన్ని ఆమెకు దక్కనివ్వు.

మైనర్ ఇల్యూజన్ అనే చిన్న మాయమంత్రంతో ఆమె తప్పకుండా దీపం చేస్తానంటుంది. దీపం కనిపిస్తుంది కానీ వెలుగివ్వదు. లైట్‌హౌస్ మెట్ల మీద చీకట్లో ఆ సంగతి ముందు ఎవరు గమనించారో సోమవారం నాకు ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య