పాప పెద్దదైంది, జీతం మాత్రం అక్కడే

ప్రశ్న: అక్కా, మాది రాయగడ. 2009లో నేనూ మా క్లాస్‌మేట్ అబ్బాయీ ఒకే ఫైనాన్స్ ఆఫీసులో ఒకే రోజు జాయినయ్యాం, ఇద్దరికీ 6,000 చొప్పునే. పాప పుట్టాక మానేసి ఐదేళ్లు ఇంట్లో ఉన్నాను. మళ్లీ వెళ్తే ఫ్రెషర్ జీతమే అన్నారు, సరే అనేశాను. ఇప్పుడతను మేనేజరు, నాకు అతని జీతంలో సగం కూడా రాదు. పాప టెన్త్‌కొచ్చింది, ఇకనైనా అందుకుంటానా, లేక నాకే పని రాదా?
– ఒక సోదరి

జవాబు: పని రాకపోవడం కాదు చెల్లీ, ఆ మాట ముందు మనసులోంచి తీసెయ్యి. హార్వర్డ్‌లో క్లాడియా గోల్డిన్ అని ప్రొఫెసర్ ఉన్నారు, 2023లో ఎకనామిక్స్ నోబెల్ ఆవిడకే వచ్చింది, ఆవిడ అమెరికా లెక్కలు తీసి చెప్పింది అచ్చం నీ కథే. చదువయ్యి ఉద్యోగంలో చేరినప్పుడు ఆడా మగా జీతాలు దగ్గరదగ్గరగానే ఉంటాయి, మొదటి బిడ్డ పుట్టాకే తేడా పెరుగుతుంది. డెన్మార్క్‌లో చూస్తే ఇరవై ఏళ్లయినా తల్లుల సంపాదన 20 శాతం దాకా వెనకే ఉంది, తండ్రులకి మాత్రం ఏమీ తగ్గలేదు.

ఎందుకంటావా, మంత్ ఎండ్‌లో రాత్రి తొమ్మిదింటికి గుణుపురం బ్రాంచికి వెళ్లమంటే ఎవరు బయల్దేరతారు? పాపకి జ్వరమొస్తే ఎవరు లీవు పెడతారు? ఎప్పుడు పిలిచినా వచ్చేవాడికే ప్రమోషనూ ఇన్సెంటివూ పోతాయి, ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకునే భార్య ఉందన్న సంగతి ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు, నాకైతే ఇదే కడుపు మండిస్తుంది.

ఇక అందుకుంటావా అంటే, పిల్లలు పెద్దయ్యాక ఆడవాళ్లు ఎక్కువ గంటలు చెయ్యగలిగి తేడా కొంత తగ్గుతుందనే గోల్డిన్ వాళ్లూ చూశారు, పూర్తిగా మాత్రం పోదు. అబద్ధం చెప్పి నిన్ను ఊరడించలేను.

ఒకే పనికి ఒకే జీతం అని మనకి 1976 నుంచీ చట్టం ఉంది, కానీ నీకు పోస్టే చిన్నది ఇచ్చారు కాబట్టి దానితో నీ తేడా అంతా పూడదు. అందుకే పోస్టు గురించే అడుగు. మానెయ్యకముందు చేసిన సర్వీసుని ఫ్రెషర్ అని తుడిచేశారు కదా, ఆ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఉంటే బయటికి తియ్యి, అదీ ఇప్పటిదీ కలిపి నా గ్రేడు మార్చండని కాగితం మీద రాసివ్వు, నోటిమాట వద్దు. మంత్ ఎండ్ పనీ నాకివ్వండను, ఆ వారం పాపనీ వంటనీ చూసుకోమని మీ ఆయనకి ఇప్పుడే చెప్పు. ఇంక్రిమెంట్లు వేసేలోపే అడిగెయ్యి, ఏమన్నారో నాకు మళ్లీ రాయి.