తెల్ల కాగితం భయపెడుతుంటే ముందు చుక్కలు పెట్టండి

పడుకోగానే ఆఫీసు గొడవలన్నీ తలలో తిరుగుతున్నాయని, బొమ్మలు గీస్తే మనసు కుదుటపడుతుందని ఎవరో చెబితే పుస్తకం కొన్నా, తెల్ల కాగితం చూడగానే చేయి ఆడడం లేదని మీరు రాశారు. నాకూ అలాగే అయింది. ఏమి గీయాలన్నది మరో బెంగై కూర్చుంది.

బొమ్మల జోలికి పోకుండా మెలికల ముగ్గుతో మొదలుపెట్టండి. మధ్య వరుసలో 5 చుక్కలు, దాని పైనా కిందా సందు చుక్కలుగా, అంటే రెండేసి చుక్కల నడుమ సందులో ఒక్కోటి చొప్పున, 4, 3, 2, 1. మొత్తం 25. చుక్కలు పడ్డాక కాగితం ఇక ఖాళీ కాదు. గీత చుక్కను తాకకూడదు. దాన్ని చుట్టి, పక్క సందులోంచి దూరి, మెలిక తిరిగి బయలుదేరిన చోటికే చేరాలి. తరువాతి మలుపు ఎటో చూసుకోవడంలో పడితే రేపటి మీటింగు గుర్తుకొచ్చే తీరిక ఉండదు. ఓ రాత్రి చివరి మెలిక కలవక 20 నిమిషాలు వెతికాను. మూడో వరుసలో ఒక చుక్కను చుట్టకుండా వదిలేశానట!

పెన్సిలు వద్దు, పెన్ను వాడండి. రబ్బరు చేతిలో ఉంటే చెరపడమే పనవుతుంది. తప్పిన గీతను ఆకుగానో చిలకగానో మార్చేయండి. నా సొంత ముగ్గులన్నీ అలా పుట్టినవే. ఫోనులో చూసి మాత్రం దించకండి, ఆ వెలుగుకు ఉన్న నిద్ర కూడా పోతుంది.

వారాల తరబడి నిద్ర పట్టకపోతే ముగ్గులతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.