కాపరులకు కోచింగ్ అవసరమా? ఒక పాస్టరమ్మ జవాబు

సంఘ కాపరులకు, అంటే పాస్టర్లకు, వ్యక్తిగత కోచింగ్ వల్ల, అంటే అనుభవమున్న ఒకరు అప్పుడప్పుడు వచ్చి ప్రశ్నలు అడిగి ఆలోచింపజేయడం వల్ల, నిజంగా ఉపయోగం ఉందా, లేక విదేశాల నుంచి వచ్చిన మోజేనా అని అడిగారు. ఉపయోగం ఉంది. నేను కాపరిని కాను, కాపరి భార్యను. ప్రకాశం జిల్లాలో ఒక పల్లె సంఘంలో పదహారేళ్లుగా ఉంటున్నాం. ఆ మేలును మా ఆయన కన్నా నేనే దగ్గరగా చూశాను.

మూడేళ్ల క్రితం డిసెంబరులో ఆయన గొంతు పూర్తిగా పోయింది. ఇరవై రోజుల్లో పద్నాలుగు సెమీ క్రిస్మస్ కూడికలు, మధ్యలో రెండు భూస్థాపనలు, ఒక పెళ్లి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలు సరేసరి. జనవరిలో, పదవీ విరమణ చేసిన ఒక పెద్దయ్యగారు ఇంటికి వచ్చి, "నెలకొకసారి వస్తాను. ప్రసంగం చేయను. ప్రార్థన చేసి, నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్తాను" అన్నారు.

మొదటి ప్రశ్న, "మందిరం తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

మా ఆయన జేబులోంచి తీసి చూపించారు.

"చాపలు ఎవరు పరుస్తారు? మైకు ఎవరు సర్దుతారు? కానుకల లెక్క ఎవరు రాస్తారు?"

"నేనే అయ్యగారూ." మూడో జవాబుకు ఆయన తల దించుకున్నారు.

పెద్దయ్యగారు తప్పు పట్టలేదు. ఒంగోలు సంగతి ఎత్తారు. 1878 జులై 3న, అమెరికా మిషనరీ జాన్ క్లౌ కాలంలో, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా వైపు సంఘాల్లో ఆ అంకె తెలియనివారు తక్కువ. "ఆ రోజు బాప్తిస్మం ఇచ్చింది క్లౌ దొర కాదయ్యా. ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు దిగేవారు, వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు. నీ సంఘంలో ఎంతమంది?"

"నూట ఇరవై."

ఇక ఆయన ఏమీ అనలేదు. టీ తాగి బస్సెక్కారు.

తర్వాతి ఆదివారానికి తాళంచెవి ఒక కుర్రవాడి చేతికి వెళ్లింది. ఆ అబ్బాయి రెండో వారమే ఆలస్యంగా వచ్చాడు. జనమంతా వేపచెట్టు కింద నిలబడ్డారు. మా ఆయన చెయ్యి ఖాళీ జేబులోకి పోతూనే ఉంది. ఇంతలో ఎవరో పాట ఎత్తుకున్నారు. తలుపు తీసేసరికి మూడో చరణంలో ఉన్నారు.

పాస్టర్ల సదస్సుల మీద నాకు కోపం. మూడు రోజులు, పెద్ద ఫ్లెక్సీలు, చెవులు పగిలే సౌండు బాక్సులు. వక్త మారినా మాట ఒకటే, ఇంకా ఎక్కువ ప్రార్థించండి, ఇంకా ఎక్కువ కష్టపడండి అని. రాత్రి నిద్ర పడుతోందా అని ఒక్కరూ అడగరు. అడిగినా చెప్పగలిగే చోటు కాదది. పక్క ఊరి కాపరికి బలహీనత చెప్పుకుంటే ఆదివారానికల్లా సంఘ పెద్దల చెవిన పడుతుంది. అందుకే కోచ్ బయటివారై ఉండాలి. బదిలీలు చేసే అధికారం ఉన్నవారు అసలే పనికిరారు. బదిలీ భయం ఉన్నచోట ఎవరూ నిజం చెప్పరు.

ఈ విషయంలో అందరూ నిర్గమకాండం 18వ అధ్యాయమే చెబుతారు. ఒక్కడివే మోయలేవని మామ యిత్రో మోషేను హెచ్చరించడం, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను పెట్టడం. అదే అధ్యాయం మొదట్లో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. యిత్రో ఒంటరిగా రాలేదు. మోషే పంపివేసిన అతని భార్య సిప్పోరాను, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు ఆలుబిడ్డలను అతని దగ్గరకు చేర్చి, ఆ తర్వాతే పని గురించి మాట్లాడాడు. నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే. స్త్రీల సమాజం, సండే స్కూలు, వచ్చిన ప్రతి అతిథికీ భోజనం, అన్నీ పాస్టరమ్మ మీదే. ఆమెను ఎవరు అడుగుతున్నారు?

నాలుగో నెల పెద్దయ్యగారు వచ్చినప్పుడు మూడో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "నన్ను కూడా అడగండి అయ్యగారూ" అన్నాను.

ఆయన కాసేపు నా వైపు చూసి, "పుట్టింటికి వెళ్లి ఎన్నాళ్లయిందమ్మా?" అన్నారు.

వేళ్ల మీద లెక్కపెట్టాను. నాలుగేళ్లు. మా ఆయన ఉలిక్కిపడ్డారు, ఆయనకూ ఆ లెక్క తెలియదు. ఆ మే నెలలో పది రోజులు మా అమ్మ దగ్గర ఉండి వచ్చాను. స్త్రీల సమాజం కూడికను మా సంఘంలోని ఒక టీచరమ్మ నడిపారు. ఇప్పటికీ ఆమే నడుపుతున్నారు.